నాలుగు వందల కిలోల తలకాయ

ఇల్లే ఆఫీసైన ఆ రోజుల్లో కంప్యూటర్ ఏం చెప్పినా నిజమేనని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇరవై రెండేళ్ల వయసు, మొదటి ఉద్యోగం, అదీ ఇంకా పర్మినెంట్ కాలేదు. కరోనా వచ్చి హైదరాబాద్ నుంచి సిరిసిల్లకు చేరాను. మా వాడలో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే పెరిగినదాన్ని కదా, పట్టపగటి నిశ్శబ్దానికి ఊరికే ఉలిక్కిపడేదాన్ని. మగ్గం నడిపే మా బాపు, పని లేక, నా వెనకే కుర్చీ వేసుకుని నా పని చూస్తుండేవాడు.

నా పని ఒక తలకాయను పడేయడం. (భయపడకండి, బొమ్మ తలకాయే.) హెల్మెట్ తొడిగిన తలను కంప్యూటర్లో ఇనుప దిమ్మె మీద పడేసి, లోపల ఎంత అదురు తగిలిందో చెప్పాలి. ఇందుకోసం తలను వేల చిన్న గళ్లుగా విడగొడతాం. కంప్యూటర్ కాలాన్ని కూడా ముక్కలు చేసి, అడుగడుగునా లెక్క కడుతుంది. ఆ అడుగే టైమ్ స్టెప్. అన్నిటికన్నా చిన్న గడిని శబ్దం దాటడానికి పట్టే సమయం కన్నా పెద్ద అడుగు వేయకూడదు, వేస్తే లెక్క చెదిరిపోతుంది. నా బొమ్మ ఎడమ కనురెప్ప దగ్గర వెంట్రుకంత గడి ఒకటి ఉండిపోయింది. దాని పుణ్యమా అని అడుగు మరీ చిన్నదై, తెర మీద 'ఇంకా పదకొండు రోజులు' అని వచ్చింది. మా టీమ్ లీడర్‌కేమో (చాటుగా 'ఎంతసేపు సార్' అనేవాళ్లం) రెండు రోజుల్లో రిపోర్టు కావాలి.

అడుగును బలవంతంగా పెంచాను. తల ఇంకా గాల్లోనే ఉంది, దేనికీ తగల్లేదు. చెంపలు మెల్లగా ఉబ్బాయి, లోపలికి పోయాయి, మళ్లీ ఉబ్బాయి.

"బిడ్డా, గది ఊపిరి తీసుకుంటున్నదే!" అన్నాడు బాపు.

నేను నవ్వబోయేలోగా ఎడమ కన్ను తెరుచుకుంది. మరుక్షణం ముఖమంతా సూదుల్లా చీలి తెర నిండా చిమ్మింది. ఇద్దరం ఒక్కసారే లేచి నిలబడ్డాం.

"ఏమైందే? గట్ల లేశిండ్రేంది?" వంటింట్లోంచి అవ్వ (మా అమ్మ) అడిగింది.

"ఏం గాలే అవ్వా, లెక్క తప్పింది," అన్నాను.

ఇక రెండో ఉపాయం. గడి బరువు పెరిగితే అందులో శబ్దం నెమ్మదిగా పోతుంది, అప్పుడు అడుగు పెద్దది వేయవచ్చు. కావలసిన బరువును ప్రోగ్రామే కలుపుకుంటుంది. కనురెప్ప ఒక్కదానికి కలిపితే సరిపోయేది. నేనడిగిన అడుగు మరీ పెద్దది కావడంతో అది తలంతటికీ కలిపేసింది. గంటలో లెక్క పూర్తయింది. దిండు మీద పడ్డంత అదురు కూడా లేదు! హెల్మెట్ 'అద్భుతం' అని రాసి పంపేశాను.

తర్వాత గర్వంగా బాపుకు చూపించాను. తల దిమ్మెను తాకింది. ఎగరలేదు, ఆగలేదు. కళ్లు మూసుకుని, హెల్మెట్‌ను అణచుకుంటూ, కిందికి దిగుతూనే ఉంది. బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గిది పడుతలేదు బిడ్డా, దిగవడుతున్నది. ఎంత బరువుంటది గా తలకాయ?"

"నాలుగున్నర కిలోలు, బాపు."

"జర మల్ల చూడు. నూలు చుట్టిన మగ్గం బీము జారితె గట్ల దిగవడ్తది. మనిషి తలకాయ గట్ల పడదు."

చూశాను. నాలుగు వందల పన్నెండు కిలోలు. అంత బరువైన తల అదరదు కాబట్టే హెల్మెట్ బాగున్నట్టు కనిపించింది. నా మాట నమ్మి ఆ హెల్మెట్ పెట్టుకుని ఎవరో పెద్దపల్లి రోడ్డు మీద బండి నడుపుతుంటారు. ఉద్యోగం పోతే పోయిందని ఫోన్ చేశాను.

"సార్, తల నాలుగు వందల కిలోలుంది."

"ఎవరి తల?"

"మన తలే సార్."

"రిపోర్టు హెల్మెట్ కంపెనీకి పంపేశానమ్మా. ఇప్పుడే ఆపిస్తాను. నువ్వా కనురెప్ప సరిచెయ్."

ఆయన తిట్టలేదు, నాకు ఇంకా భయమేసింది. ఆ గడిని పక్కదానిలో కలపడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రానికి తల మనిషి తలలాగే పడి, ఎగిరి, పక్కకు ఒరిగింది. హెల్మెట్ పరీక్ష తప్పింది. లోపలి స్పాంజి మందం పెంచారు. అందరికన్నా రెండు నెలలు ఆలస్యంగా నేనూ పర్మినెంటయ్యాను.

ఆ పాత ఫైలు ఇంకా నా దగ్గరుంది. కళ్లు మూసుకుని దిగబడే ఆ ముఖాన్ని ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఇప్పటికీ చూడను. పక్కనే ఉన్న ఆ తప్పు రిపోర్టు మాత్రం అప్పుడప్పుడు తెరుస్తాను. 'అద్భుతం' అన్న మాట పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టింది ఆ ఇరవై రెండేళ్ల పిల్ల, అప్పటి నేను. ఎంత సంతోషంగా పెట్టిందో! తీసేయడానికి చేతులు రావు.