అవ్వ ఎక్కని కారు

మా అవ్వకు నడుము నొప్పి. నెలకోసారి కట్టంగూర్ దగ్గరి మా ఊరి నుంచి నల్లగొండ దవాఖానకు తీసుకుపోవాలి. నాకు ఒక పాత చిన్న కారు ఉంది. అదే ఊళ్లో ఉండే మా బావకు, అంటే అక్క భర్తకు, అదే మోడల్ కారు, నాదానికన్నా రెండేళ్లు పాతది. అవ్వ ప్రతిసారీ బావ కారే ఎక్కేది. మెకానికల్ చదివింది నేను. ఆయన బత్తాయి తోట చేసుకునే మనిషి. నాకిది మింగుడుపడలేదు.

నా కారుకు చేసినవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటి, బరువుకు కుంగకుండా వెనుక స్ప్రింగుల చుట్టల మధ్య రబ్బరు బఫర్లు. రెండు, నకిరేకల్‌లో పాత సామాను దుకాణంలో దొరికిన గట్టి రకం షాక్ అబ్జార్బర్లు. మూడు, టైర్లలో కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువగా ముప్పై ఆరు పాయింట్ల గాలి. లెక్క తప్పలేదు. బత్తాయి కోతలప్పుడు వెనుక సీటు మడిచి ఏడు బస్తాలు వేసినా కారు కుంగలేదు, మలుపుల్లో ఊగలేదు. మా వైపు బండి బాగుందో లేదో బస్తాలు వేసే చూస్తారు. నేనూ అట్లాగే చూశాను.

అవ్వ నా కారు ఒక్కసారి ఎక్కింది. ఊరు దాటకముందే ఆపమంది.

"స్పీడ్ బ్రేకరొచ్చినప్పుడల్లా నడుంల రోకలి పెట్టి పొడిచినట్టున్నది బిడ్డా. మీ బావకు ఫోన్ చెయ్."

చేశాను. బావ వచ్చి, ముందు సీటు కాస్త వెనక్కి వాల్చి, అవ్వను కూర్చోబెట్టుకుని వెళ్లాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ని.

ఆ ఆదివారం బావ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆయన లోపల తింటుండగా నేను ఫోన్ లైటు పట్టుకుని ఆయన కారు కింద దూరాను. ఖరీదైన స్ప్రింగులు ఏవో వేయించి ఉంటాడని నా అనుమానం. స్ప్రింగులు కంపెనీవే. అంతా పాతదే. చక్రాలను పట్టి ఉంచే కడ్డీల దగ్గర, కుదుపును మింగే రబ్బరు బుష్‌లు మాత్రం కొత్తవి.

"ఏం బామ్మర్దీ, ఇంట్ల మంచం లేదా? బండి కింద పండినవ్."

"ఆయిల్ కారుతాందేమో అని చూస్తున్న బావా."

"కారుతాందా?"

"లేదు."

"మరి ఇంకేమన్న దొరికిందా?"

ఆయన గొంతుక్కూర్చుని కిందికి వంగి చూశాడు. నేనేం వెతుకుతున్నానో తెలిసిపోయింది.

"బుష్‌లు పగిలితే మార్పిచ్చిన. టైర్లల గాలి, డోరు కాడ కంపెనోళ్లు రాసినంతే కొట్టిస్త. బస్తాలకు ఆటోట్రాలీ కిరాయికి తెస్త. ముసలామె ఎక్కే బండి గదా. గంతే."

ఏడు బస్తాలు నా కారు మోసేది ఏడాదిలో పది రోజులు. మిగతా రోజులన్నీ అందులో ఉండేది ఒకరో ఇద్దరో. మోసే బరువును బట్టి స్ప్రింగు అని మాకు కాలేజీలో మొదటి ఏడే చెప్పారు. అది నాకు గుర్తు చేసినవాడు బావ కావడమే ఎక్కువ మండింది.

వారంలో బఫర్లు తీసేశాను. బుష్‌లు మార్చాను, మామూలు షాక్ అబ్జార్బర్లు వేశాను, గాలి తగ్గించాను. ఊరి చివరి స్పీడ్ బ్రేకర్ మీద నాలుగుసార్లు ఎక్కించి దింపాను. దడ్ మనలేదు.

దవాఖాన రోజు రెండు కార్లూ వాకిట్లో ఉన్నాయి. అవ్వ అలవాటుగా బావ కారు వైపు నడిచింది. నేను పిలవలేదు. పిలిస్తే రాదేమోనని భయం.

"ఇయ్యాల గీయన బండిల కూసో అవ్వా," అన్నాడు బావ. "మంచిగ చేసిండు. నేను నడిపి చూసిన."

ఆయన నడపనేలేదు. అవ్వ మాత్రం వెంటనే తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. అన్నాళ్లు నేను కోరుకున్నది అదే. అయినా ఆయన ఒక్క మాటకు ఎట్లా వచ్చేసిందా అనే అనుకుంటూ కారు తీశాను.

హైవే ఎక్కాక అవ్వ కాళ్లు చాపుకుంది.

"బండి మంచిగున్నదిరా. మీ బావ చేయించిండా?"

"నేనే చేసిన," అన్నాను. బుష్‌ల సంగతి ఎవరు చెప్పారో మాత్రం నల్లగొండ వచ్చేదాకా చెప్పలేదు, వచ్చాక కూడా చెప్పలేదు.