బుడగను పట్టిన మినెకో

తొకుహిరా మినెకో మెల్లగా మాట్లాడే మనిషి కాదు. అమగసాకిలో కాలువ ఒడ్డున ఉన్న లోహాల కంపెనీ పరిశోధనశాలలో ఆవిడ గొంతు కింది మెట్ల దాకా వినపడేది. ఆవిడ పనంతా కరిగిన ఉప్పుతో. ఎర్రగా కాగే కొలిమిలో కొన్ని రకాల ఉప్పులు నీళ్లలా కరుగుతాయి. అందులో టంగ్‌స్టన్ కలిపి కరెంటు పంపితే, ముంచిన పలక మీద ఆ లోహం పూతగా పేరుకుంటుంది. ఆ పూత నున్నగా వస్తే ఎంత వేడికైనా తట్టుకునే పలక తయారైనట్టే. కానీ వచ్చేది పూత కాదు, ముళ్లకంప.

ఉప్పులో వేరే లోహాల మలినాలున్నాయని విభాగం పెద్ద ఇవాసె అనేవాడు. కాదు, కరెంటు ఎక్కువైందని మినెకో. మధ్యాహ్నం ఉదోన్ నూడుల్స్ గిన్నెల ముందు మొదలైన ఈ తగవు ఏళ్ల తరబడి సాగింది. తేల్చుకునే దారి లేదు మరి. పలకను పైకి తీస్తే ఉప్పు గడ్డకట్టి దాన్ని కప్పేసేది. కడిగితే సన్నటి ముళ్లు విరిగి రాలిపోయేవి.

ఒక వానాకాలం ఆవిడ స్టేషను మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కొన్ని వారాల తరవాత డాక్టరు పిండికట్టు విప్పకుండానే ఎక్స్‌రే తీసి, ఎముక అతుక్కుంటోందని చూపించాడు. మినెకో ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేదు.

“నొప్పిగా ఉందా?” అని అడిగాడు డాక్టరు.

“లేదండీ. ఇది కొంచెం సేపు చూడనివ్వండి.”

ఎక్స్‌రే సంగతి ఆవిడకు తెలియనిది కాదు. తన కొలిమి గోడ కూడా ఒక పిండికట్టేనని మాత్రం అప్పుడే తట్టింది.

మర్నాడు చెయ్యి మెడకు వేలాడుతుండగానే ఇవాసె గదిలోకి వెళ్లింది.

“కొలిమికి ఎక్స్‌రే తీద్దామండీ. లోపల పూత పడుతుండగానే.”

“ఆ గోడల మందం చూశావా? ముందు నీ చెయ్యి బాగుచేసుకో తల్లీ.”

“హరిమా కొండల్లో పెద్ద ఎక్స్‌రే యంత్రం ఉందిగా, దాని కిరణాలకు ఆ శక్తి ఉంది. గోడలు పలచన చెయ్యడం నా పని.”

“కరిగిన ఉప్పు కారి వాళ్ల యంత్రం మీద పడితే?”

“నా కొలిమి కారదు.”

“ఇంత ధీమా ఎక్కణ్ణుంచి వచ్చింది నీకు?”

“మీతో వాదించి వాదించి వచ్చింది.”

బొటనవేలంత లావు గాజు గొట్టంలో ఉప్పు, చుట్టూ చిన్న కొలిమి, కిరణాలు ఇటు దూరి అటు వెళ్లడానికి ఎదురెదురుగా రెండు కిటికీలు. ఇంతే, కానీ ఇంతకే ఏడాది పట్టింది. మొదటిసారి హరిమా తీసుకెళ్తే తెరంతా మచ్చలే. ఉప్పు ఆవిరి కిటికీల మీద పేరుకుంది.

“ఏమీ కనపడ్డం లేదండీ,” అన్నాడు అక్కడ యంత్రం నడిపే కుసునొకి, నొచ్చుకుంటూ.

“ఎందుకు కనపడలేదో కనపడిందిగా. మళ్లీ వస్తాను.”

కిటికీల చుట్టూ వేడి తీగ చుట్టి, ఆవిరి అక్కడ ఆగకుండా చేసింది. ఈసారి ఇవాసె కూడా వెంట వచ్చాడు. రైల్లో సముద్రపు పాము చేప అన్నం డబ్బాలు తిన్నంతసేపూ మలినాలే అంటూ ఒకటే పోరు.

తెర మీద పలక అంచు నల్లటి గీతలా కనిపించింది. కరెంటు ఇచ్చారు. కాసేపటికి గీత పక్కనే ఒక తెల్లటి గుండ్రటి మచ్చ పుట్టి, పలకకు అతుక్కుని ఉండిపోయింది. దాని చుట్టూ నల్లటి ముళ్లు మొలిచాయి. మచ్చ ఉబ్బి ఉబ్బి ఊడి పైకి తేలిపోయింది. ముళ్లు మిగిలాయి.

“ఏంటది?” అన్నాడు ఇవాసె.

“బుడగ.” మినెకో గొంతు మొదటిసారి తగ్గింది. “ఉప్పులో తడి మిగిలిపోయిందండీ. అది పలక దగ్గర గాలిబుడగ అవుతోంది. బుడగ కింద కరెంటు పోదు, అంచునే గుమిగూడుతుంది. లోహమూ అక్కడే పోగవుతోంది. మనం పలక బయటికి తీసేసరికి బుడగ ఉండదు.”

“అయితే నా మలినం కాదు.”

“నా కరెంటూ కాదేమో. ఉండండి.”

కరెంటు సగానికి తగ్గించింది. బుడగలు నిదానంగా వచ్చాయి, ముళ్లు నిదానంగా మొలిచాయి. మొలవడం మాత్రం మానలేదు. మినెకో పకపకా నవ్వింది.

“ఇన్నేళ్లూ ఇద్దరమూ తప్పేనండీ.”

“సగం సగం పంచుకుందాం,” అన్నాడు ఇవాసె. “గట్టిగా అరిచింది నువ్వు కాబట్టి నీ వాటా కాస్త ఎక్కువ.”

అమగసాకి తిరిగొచ్చి ఉప్పును పంపుతో గాలి తీసేసిన పాత్రలో మెల్లగా వేడిచేస్తూ ఎండబెట్టారు. ఇంతకు ముందు ఎండిందనుకుని ఆపేసిన చోట ఈసారి ఆపలేదు. మూడోసారి హరిమాలో నల్లగీత ఒకే తీరుగా లావెక్కుతూ పోయింది. కుసునొకి తెర వైపు వంగి చూశాడు.

“ఏమీ జరగడం లేదేంటండీ?”

“జరుగుతోంది. ఇన్నేళ్లూ నేను దేవులాడింది దీనికోసమే.”

పలక చల్లారాక ఉప్పు కడిగి ఇవాసె చేతిలో పెట్టింది. అతను వేలితో నిమిరి, కళ్లద్దాలు తీసి చూసి, మళ్లీ నిమిరాడు.

ఆ శరదృతువులో అతను పదవీ విరమణ చేశాడు. విభాగం మినెకో చేతికొచ్చింది. ఇప్పుడు ఆవిడ గొట్టాల లోపలి వైపు పూత వేయిస్తోంది. వంపుల దగ్గర ఇంకా సరిగ్గా రావడం లేదు. కారణం తనకు తెలుసనే అంటుంది, మెట్ల దాకా వినపడేలా. అంటూనే, వంపు గొట్టం పట్టే కొత్త కొలిమికి కిటికీలు కోయిస్తోంది.