మూడో పాఠకుడి కోసం

మా బాబాయి ఎవరూ చదవని పుస్తకాలు తప్ప మరో పుస్తకం చదవమని జీవితంలో ఎవరికీ చెప్పలేదు. పేరున్న పుస్తకం మన చేతిలో కనబడితే, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు జాలిగా చూసేవాడు. "దానికేంరా, దిక్కున్న పుస్తకం. నువ్వు చదవకపోతే బతకదా?"

ఓ చిన్న ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాడాయన. తమ పుస్తకాన్ని తామే రెండొందల కాపీలు వేయించుకునేవాళ్లే ఆ ప్రెస్సుకి దిక్కు. కాపీలు కట్ట విప్పకుండానే మంచాల కిందికి పోయేవి. వాటిలోంచి ఒకటో రెండో అడిగి తెచ్చుకుని, గుడ్డసంచిలో వేసుకుని బయల్దేరేవాడు బాబాయి.

"ఈ పుస్తకం లోకంలో ఇద్దరమే చదివాం. రాసినాయన, నేను. రాసినాయన పోయాడు. మూడో మనిషి కావాలి."

పన్ను పీకించుకోడానికి వెళ్లి, నోట్లో దూది ఉండగానే పళ్ల డాక్టరుకి బావుల తవ్వకం మీద పుస్తకం అంటగట్టాడు.

"నాకెందుకండీ ఇది?" అన్నాడు డాక్టరు.

"మీదీ తవ్వకమేగా. ఈయన నీళ్లు పడేదాకా ఆగలేదు. మీరు నా పన్ను సగంలో ఆపారు."

ఎదురింటి పెద్దాయన పోతే పరామర్శకి వెళ్లి, ఏడుస్తున్న కొడుకు చేతిలో తేనెటీగల పెంపకం పెట్టొచ్చాడు. పిన్ని సిగ్గుతో నాలుగు రోజులు గడప దాటలేదు.

"శవం లేచి గంట కాలేదు. ఆ సంచి ఇంట్లో పారేసి రాలేరా?"

"వాళ్ల నాన్న పెరట్లో నాలుగు తేనెపెట్టెలున్నాయే. ఈగలింకా బతికే ఉన్నాయి. వాడు కాకపోతే ఎవరు చూస్తారు?"

బాబాయి పోయి ఇప్పటికి ఆరు నెలలు. ఆయన్ని తలుచుకుంటే నవ్వొస్తుందని అందరూ అంటారు. నాకు ముందు ఒక ఆదివారం గుర్తొస్తుంది.

అప్పటికి నా భార్య పోయి పదకొండు నెలలు. బస్సు ప్రమాదం. హ్యాండ్‌బ్యాగు దొరకలేదు, పేరు చెప్పేవాళ్లు లేరు. ఆస్పత్రులన్నీ వెతుక్కుంటూ మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్లేదాకా మార్చురీలో ఒక అంకె కింద పడి ఉంది. ఆ ఒక్క రాత్రి తను ఒంటరిగా ఉందన్న మాట నన్ను లోపల్నుంచి తినేస్తూ ఉండేది. అక్షరం ముట్టుకునేవాణ్ణి కాదు. తిండైనా పిన్ని తిడితేనే. అన్ని నెలలూ బాబాయి సంచి నా వైపు తిరగలేదు.

ఆ ఆదివారం తిరిగింది.

"పని పడిందిరా. ఈ పుస్తకం రాసినాయన ఊపిరితిత్తులు పాడై ఆస్పత్రిలో ఉన్నాడు. డాక్టరు వారం అన్నాడు. ఒక్కడైనా చదివాడా అని రోజూ అడుగుతున్నాడు నన్ను. ఊరికే చదివానంటే పట్టేస్తాడు."

"ఏం పుస్తకం?"

"మార్చురీ కాపలాదారు. తన ఉద్యోగం గురించి రాసుకున్నాడు."

పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. "మతి పోయిందా బాబాయ్? ఇది నాకా?"

ఆయన వంగి తీసి, నలిగిన అట్ట అరచేత్తో సాపు చేశాడు. "నలుగుర్ని అడిగాను. అట్ట చూసే దణ్ణం పెట్టారు. ఇంకెవరూ లేర్రా." బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మూడు రోజులు దాని మీద కాఫీ గ్లాసు పెట్టుకున్నాను. కానీ ఆస్పత్రిలో ఒక మనిషి వారంలోంచి మూడు రోజులు ఖర్చుపెట్టేశాడన్న లెక్క మాత్రం బుర్రలోంచి పోలేదు. నాలుగో రోజు గ్లాసు తీశాను.

రాత గొప్పగా ఏమీ లేదు. దువ్వెన గురించే ఆరు పేజీలు. పేరు తెలియని వాళ్లందరికీ ఆయన తల దువ్వేవాడట. వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి మొహం తెలియాలి కదా అని. ఆరో పేజీలో ఆకుపచ్చ స్వెట్టరు, నడుం దాటిన జుట్టు. మర్నాడు మధ్యాహ్నం భర్త వచ్చాడనీ, కాళ్లకి చెప్పులైనా లేవనీ రాశాడు.

ఆ చెప్పుల్లేనివాణ్ణి నేనే.

మర్నాడే బాబాయితో వార్డుకి వెళ్లాను. ముక్కులో గొట్టం, ఎముకల గూడులా మనిషి.

"చదివావా?"

"చదివానండి."

"అందరూ అంటారు. ఏది బాలేదో చెప్పు."

"దువ్వెనకి ఆరు పేజీలు ఎక్కువ."

ఆయన మొహం విచ్చుకుంది. బాబాయి వైపు తిరిగి, "చదివాడయ్యా నిజంగానే! నువ్వూ మొదట మూడు పేజీలు చదివి కొట్టేయమన్నావు. ఆరోది చూశాక పరిగెత్తుకొచ్చి ఒక్క అక్షరం తీయొద్దని బతిమాలావు." మళ్లీ నాతో, "ఈయన వరస నాకర్థం కాదు బాబూ. ఇక్కడి నర్సు చదువుతానంటే ఇవ్వలేదు. ముందు ఒకళ్లు చదవాలిట."

అంటే నాతో చెప్పిన ఆ నలుగుర్నీ అడగనే లేదన్నమాట. బాబాయి మా ఇద్దరికీ వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఆ ఆకుపచ్చ స్వెట్టరు మా ఆవిడదండి," అన్నాను.

ఆయన ఊపిరి కూడదీసుకోడానికి చాలాసేపు పట్టింది. "ఆ జుట్టుకి గంటంపావు పట్టిందయ్యా. అంత చిక్కు నా సర్వీసులో చూళ్లేదు. పక్కనే కూర్చుని, ఏవో కబుర్లు చెబుతూ తీశాను."

"నేను దువ్వితే తిట్టేదండి."

"నన్నూ తిట్టే ఉంటుంది. నాకే వినబడలేదు."

నాకు నవ్వొచ్చింది, పక్క మంచం మీది మనిషి లేచి చూసేంత గట్టిగా. బాబాయి మాత్రం తల తిప్పలేదు. కిటికీలో ఉన్న దగ్గు మందు సీసా ఒకటి కళ్ల దగ్గర పెట్టుకుని, రేపే అచ్చుకి పోవాల్సినట్టు, దాని మీది కాగితం ఒక్కో అక్షరమే చదువుతున్నాడు. సీసా తలకిందులుగా ఉంది.