పెరుగన్నంతో బీరు రుచి చూసిన ఆదివారం

మొన్న సిడ్నీ శివారు ద పాండ్స్‌లో మా మరిది ఇంటికి బార్బీకి, అదే పెరట్లో నిప్పుల మీద కాల్చుకు తినే విందుకి, వెళితే, ఫ్రిజ్ తలుపు అరలో అమెరికా బీరు డబ్బాలు కనిపించాయి. బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. ఇరవై ఏళ్ళ కిందట సీసాల్లో వచ్చేది, ఇప్పుడు రేకు డబ్బాల్లో వస్తోంది గానీ బీరు కాచే బ్రూవరీ మాత్రం అదే. ఒకటి తెరిచి, తాగకుండా ముందు వాసన చూశాను. "ఏంటక్కా, పాలు విరిగాయేమో అన్నట్టు చూస్తున్నావ్!" అని మా తోడికోడలు ఒకటే నవ్వు. నవ్వనీ. ఒక సూట్‌కేసూ ఒక ప్రెషర్ కుక్కరూ పట్టుకుని ఈ దేశంలో దిగిన మా తరం వాళ్ళకు చెబితే ఆ వాసన సంగతి అర్థమవుతుంది.

యూనిలో, అదే యూనివర్సిటీలో, చదువుకుంటూ వారానికి ఐదు పూటలు నేను పనిచేసింది ఒక బాటిల్-ఓలో. ఏదో ముద్దుపేరులా ఉంటుంది గానీ అచ్చంగా మందు దుకాణమే. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, నాన్నగారు సంఘ పెద్ద, ద్రాక్షరసం కూడా ప్రభువు బల్ల దగ్గర చెంచాడు తప్ప ఎరగని ఇల్లు. కాబట్టి ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా సూపర్‌మార్కెట్టులో పని అని చెప్పేదాన్ని. నిజానికి నా పనంతా దుకాణం వెనక కోల్డ్ రూములో, లావుపాటి కోటు తొడుక్కుని సీసాల పెట్టెలు సర్దడం. ఒకసారి మా యజమాని, అరవై దాటిన ఆయన, నన్ను ఒక పూట కౌంటరు దగ్గర నిలబెట్టి చూశారు. వచ్చినవాడు ఏదో అడిగాడు, నేను చెప్పాను, వాడు నా మొహం కేసి కాకుండా యజమాని మొహం కేసి చూసి ఈ అమ్మాయి ఏమంటోందని అడిగాడు. మర్నాటి నుంచి మళ్ళీ కోల్డ్ రూమే. ఆయన మంచివారే, కసిరింది లేదు, అయినా ఆ సాయంత్రం బస్సులో ఏడ్చాను. చదువు రాకపోతే చదువుకోవచ్చు, నోరు తెరిస్తే మన యాస ఎదుటి మనిషికి అర్థం కాకపోతే ఏం చేస్తాం?

అలాంటి రోజుల్లో ఆ బ్రూవరీ సరుకు వచ్చింది, రుచి చూడడానికి నమూనాలతో సహా. ఐదు రకాలు, రకానికి రెండేసి సీసాలు: గోధుమ బీరు, లేత రంగు పేల్ ఏల్, దానికన్నా ఘాటైన ఐపీఏ, ఎర్రటి అంబర్ ఏల్, నల్లటి స్టౌట్. యజమానికి స్థానిక బీరు తప్ప మరొకటి నచ్చదు, ఆ సీసాల్ని దొంగసరుకులా చూశారు. రుచి చూసి, అది ఎలా ఉందో రకానికొక చిన్న అట్టముక్క మీద రాసి అరలో పెట్టేవాళ్ళు కావాలన్నారు. నేను రాస్తానన్నాను, ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆ అట్టలు చదివి జనం కొంటే కౌంటరు నీదే, లేకపోతే కోల్డ్ రూములోనే ఉండు అని ఆయన పందెం వేసినట్టు చెప్పి, సోమవారం కల్లా కావాలన్నారు.

నాతో యూనిట్‌లో, అంటే అద్దె ఫ్లాట్‌లో, ఉండే ఆవిడది వరంగల్ వైపు. నాకంటే మూడేళ్ళు పెద్ద కాబట్టి అక్కా అనేదాన్ని. వాళ్ళింట్లో పండగకు ఆడా మగా కూర్చుని కల్లు తాగుతారని తెలిసి మొదట్లో నేను నోరెళ్ళబెట్టాను గానీ, ఈ పనికి మాత్రం అదే ఆవిడ పెద్ద డిగ్రీ అయి కూర్చుంది. శనివారం మధ్యాహ్నం ఇద్దరం బరిలోకి దిగాం. చల్లగా ఉండాలని ఐదు సీసాలూ ఫ్రీజర్లో పెట్టాను. "స్టఫ్ లేకుండ మందేందే? బజ్జీలెయ్యి!" అంది అక్క. నేను మామూలుగా కాదు, గింజలతో సహా పచ్చిమిరపకాయ బజ్జీలు వేశాను.

బజ్జీ కొరకడం, గుక్క తాగడం. మొదటిది చేదు, రెండోది అంతకన్నా చేదు, ఐపీఏ దగ్గరికి వచ్చేసరికి నాలుక భగ్గుమంది. "గిదేందే, యాపాకు నమిలినట్టుంది! అమెరికోళ్ళకి పైత్యమా?" అని అక్క నీళ్ళ కోసం పరిగెత్తింది. స్టౌట్ అయితే సగం గడ్డకట్టుకుపోయి చేదు తప్ప ఏ రుచీ లేదు. ఐదింటికీ ఒకే మాట రాశాను, చేదు అని. ఆ అట్టలు తీసుకెళ్ళి ఆయన చేతికిస్తే నా కౌంటరు నేనే మూసుకున్నట్టు.

నోటి మంట తగ్గడానికి తొందరగా పెరుగన్నం కలుపుకుని తిన్నాం. తిని గ్లాసులు కడగబోతూ, ఐపీఏ గ్లాసు అడుగున చుక్క మిగిలి ఉంటే పారబోయడానికి ఎత్తాను. గంటన్నర బయట ఉండి చల్లదనం పోయిన చుక్క అది. ఒక్కసారి గుప్పున వాసన! పచ్చిమామిడికాయ ముచ్చిక విరిస్తే చర్రున చిమ్ముతుందే, సొన, అచ్చంగా అదే. సిడ్నీలో, సింకు ముందు, మా ఊరి పెరట్లో మామిడి చెట్టు కింద నిలబడ్డాను. ఆ చుక్క నాలిక మీద వేసుకుంటే చేదు ఉంది గానీ దాని వెనక మామిడి ఉంది. అక్కా అక్కా అని నేను పెట్టిన కేకకు ఆవిడ చెయ్యి కాలిందనుకుని వచ్చింది. తానూ వాసన చూసి నెత్తిన కొట్టుకుంది. "మా నాయనమ్మ పొద్దుగాల కల్లు ముంగట వెట్టుకుంటే మిరపకాయ ముట్టకపోయేది. గా సంగతే మర్శిన. అంతా నా మిస్టేకే. ఇంక ఫైవ్ బాటిల్స్ ఉన్నయ్ గద, రేపు ఆర్వో మళ్ళ కూసుందాం." ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం.

ఆదివారం చర్చికి వెళ్ళి, ప్రసంగమంతా తల వంచుకునే విని, తిరిగి వచ్చి బైబిలు బల్ల మీద పెట్టి బీరు తెరిచాను. ప్రభువు క్షమించాడనే అనుకుంటున్నాను. ఈసారి బజ్జీల్లేవు, ఫ్రీజర్ లేదు. రెండు గుక్కల మధ్య ఒక చెంచా పెరుగన్నం, ఉప్పు కూడా వెయ్యనిది. అబ్బ, ఏం మధ్యాహ్నం అది! గోధుమ బీరు పులవబోతున్న ఇడ్లీపిండి మీద నిమ్మతొక్క గీరినట్టుంది. అక్కకు పొద్దుటి ఈతకల్లు తగిలి కళ్ళు మూసుకుంది. పేల్ ఏల్‌లో పంపర పనస తొనలు దొరికాయి, అంబర్‌లో వేరుశనగ చిక్కీ. స్టౌట్ దగ్గర అడుగంటిన బెల్లం పాకమా, కాఫీ గింజలు వేయించిన మూకుడా అని ఇద్దరం నిజంగానే పోట్లాడుకున్నాం. ఒకే బ్రూవరీ, ఒకే నీళ్ళు, ఇన్ని రుచులా అని ఒకటే ఆశ్చర్యం. మాకు వచ్చిన మాటల్ని వచ్చినట్టే ఇంగ్లీషులోకి దించి అట్టల మీద రాశాను.

సోమవారం యజమాని అవి చదివి బుర్ర గోక్కున్నారు. చెట్టు నుంచి కారే సొన పేరు చెబితే ఎవరు కొంటారమ్మా అన్నారు, కానీ మాట ప్రకారం ఆ బీరు సీసాల ముందు పెట్టారు. మంగళవారం సరుకు కదలలేదు, బుధవారం కదలలేదు. పెట్టెలు మోస్తూ తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. గురువారం ప్యాంటు నిండా సున్నం మరకలున్న ఒక పొడుగాటి మనిషి ఐపీఏ అట్ట చదివి, మళ్ళీ చదివి, ఇది రాసిందెవరని అడిగాడు. యజమాని నన్ను కేకేశారు. కోటుతోనే వచ్చి చెప్పాను. అతనికి అర్థం కాలేదు. కానీ అతను యజమాని వైపు చూడలేదు. కౌంటరు మీద మోచేతులు ఆనించి, నా వైపు వంగి, మళ్ళీ చెప్పు అన్నాడు. ముచ్చిక ఎలా విరుస్తారో, సొన ఎలా చిమ్ముతుందో, మొహాన పడితే ఎలా పొక్కుతుందో చేతులతో సహా చెప్పాను. ఇంకో ఇద్దరు వచ్చి నిలబడి విన్నారు. మర్నాడు అతను వచ్చి, తలుపు దగ్గర్నుంచే, దొరికింది నీ సొన, అని అరిచాడు. యజమాని నా కోటు అడిగి తీసుకుని కొక్కేనికి తగిలించారు. ఆ కొక్కెం చప్పుడుకు కలిగిన సంతోషం డిగ్రీ పట్టా అందుకున్న రోజున కూడా కలగలేదు.

తర్వాత చదువైంది, ఉద్యోగం వచ్చింది, నా యాస నాకు తెలియకుండానే అరిగిపోయింది. ఇప్పుడు ఆఫీసులో నేను మాట్లాడితే మొదటిసారికే అందరికీ అర్థమవుతుంది, తలలూపి తర్వాతి సంగతికి వెళ్ళిపోతారు. ఆనాడు దానికోసమే కదా బస్సులో ఏడ్చాను. అయినా ఎవరైనా ఒకసారి నా వైపు వంగి, మళ్ళీ చెప్పు అంటే బాగుండునని ఉంటుంది. అంటే మాత్రం, మళ్ళీ వినదగ్గ మాట నా దగ్గర ఇంకా ఒకటైనా మిగిలి ఉందా అని భయం వేస్తుంది.