నీళ్ళ ట్యూబులో బుడగ

తిరువళ్ళూరులో ఎనిమిదేళ్ళు ఇళ్ళ ప్లాన్లు గీశాను. సిరా గీత తప్పితే సగం బ్లేడుతో గీకేసి మళ్ళీ గీసేవాణ్ణి. కూర్చుని కూర్చుని విసుగెత్తి తిరుత్తణిలో ఒక కట్టడానికి సూపర్‌వైజరుగా చేరాను. ఆ బ్లేడు మాత్రం అలవాటుగా చొక్కా జేబులోనే ఉండేది.

మొదటి వారమే స్లాబుకు మట్టం చూడాల్సి వచ్చింది. నీళ్ళు నింపిన ట్యూబు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస ముసలి మేస్త్రీ పట్టుకున్నాడు. ఆయన ఏదో చెప్పబోయాడు.

“నువ్వు కొస పట్టుకో, చాలు. మిగతాది నేను చూసుకుంటా,” అన్నాను.

నేను పెట్టిన గుర్తుల ప్రకారమే స్లాబును మోసే సెంట్రింగ్ పలకలు ఎక్కాయి, వాటి మీద ఇనుప కమ్ములు కట్టారు.

కాంక్రీటు పోసే రోజు పొద్దున మిక్సర్ తిరుగుతోంది, ఆడవాళ్ళు బాండీలతో వరసకట్టారు. మేకుకు వేలాడుతున్న ట్యూబు మీద నా కన్ను పడింది. ఆనాటి నీళ్ళ మధ్య వేలెడంత గాలి బుడగ! బుడగ ఉంటే ట్యూబు చూపే మట్టం తప్పు.

“ఆపండి!” అని అరిచాను.

బుడగ పోగొట్టి మళ్ళీ చూస్తే పలకలు ఒక మూల అంగుళమున్నర దిగి ఉన్నాయి. చెయ్యి దానంతటదే జేబులోని బ్లేడును తడిమింది. దాంతో ఏం గీకను?

“తప్పు నాదే మేస్త్రీ. అంతా విప్పాల.”

“బుడగ నేను ఆ పొద్దే చూసినాను సార్.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “చూసి కూడా గమ్మునుంటివా?”

“చెప్పబోతిని సార్. కొస పట్టుకో చాలంటిరి. పట్టుకున్నాను.”