నేను వెనక్కి తీసుకున్న వ్యాసం

పోయిన ఆదివారం పొద్దున్న మా ఊళ్లోనే సిద్ధగోరా పేటలో ఉన్న మా తమ్ముడింటికి వెళ్తే, నాలాగే మాలిక్యులర్ బయాలజీలో పరిశోధన చేస్తున్న మా మేనకోడలు ఫోనులో నా పేరు కొట్టి, నేను ఇన్నేళ్లలో రాసిన వ్యాసాలన్నీ, ఒక్కోదాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో ఉదహరించారో ఆ సంఖ్యలతో సహా చూపించింది. అన్నిటికన్నా ఎక్కువమంది ఉదహరించింది నా మొట్టమొదటి వ్యాసాన్నే. దాని పక్కనే, రచయిత్రి దీన్ని ఉపసంహరించుకున్నారని ఎర్రక్షరాల్లో ఉంది. ఎందుకు వెనక్కి తీసేసుకున్నావత్తా అని, హిందీ మాట్లాడే ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన ఆ పిల్ల హిందీలో అడిగింది. నేను తెలుగులోనే చెప్పుకొచ్చాను.

అప్పట్లో మేం ఇదే ఊళ్లో సీతారాండేరా పేటలో ఉండేవాళ్లం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మా నాన్న ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపేవారు. నేను ఆదిత్యపూర్ వైపు ఖర్కై నది ఒడ్డున బురద సేకరించుకొచ్చి, అందులోని ఒక సూక్ష్మజీవి లోహాల విషాన్ని ఎలా తట్టుకుంటోందో లాబ్‌లో వెతికి, దానికి కారణమైన జన్యువు ఇదీ అని వ్యాసం రాశాను. అది అచ్చయ్యాక, కాపీ ఒకటి పంపమని కోరుతూ ఎక్కడెక్కడి దేశాల నుంచో పోస్టుకార్డులు వచ్చేవి. అన్ని కార్డులు చూసి పక్కింటి పెద్దమ్మ నాకు సంబంధాలేవో వస్తున్నాయనుకుని అమ్మని నిలదీసిందంటే, మా వీధిలో ఆ వ్యాసానికి ఎంత పేరొచ్చిందో మీరే ఊహించుకోవచ్చు.

రెండో ఏడు అదే ప్రయోగం మళ్లీ చేయబోతే ఫలితం రాలేదు. నెలల తరబడి తంటాలు పడ్డాక తెలిసిందేమంటే, మొదటిసారి నా సీసాలో లాబ్‌లోని మరో సూక్ష్మజీవి కలిసిపోయిందని, నేను లోకానికి చూపించిన జన్యువు దానిదేనని. మా గైడు తలుపు మూసి, పదిమందీ ఉదహరిస్తున్న వ్యాసాన్ని ఇప్పుడు కదపొద్దని, కాలక్రమంలో ఎవరో ఒకరు సరిదిద్దుతారని నచ్చజెప్పారు. పైగా మరుసటి నెలలోనే నాకు పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి వరండాలో బూట్లు విప్పుకుంటున్న నాన్నకి, ఆయనకి అర్థమయ్యేలా అంతా చెప్పాను. ఆయన, ఒకప్పుడు తన క్రేన్ కొక్కేనికి వెంట్రుకంత పగులు కనిపిస్తే తాను పని ఆపేసిన సంగతి, ఫోర్‌మన్ అందరి ముందూ తిట్టి తనని వేరే షెడ్డుకి మార్చేసిన సంగతి చెప్పారు.

“నాను పైనుండి సూసినాను కదమ్మా,” అన్నారు. “కింద నిలబడ్డోడికి అది కనపడదు. నాను సెప్పకపోతే ఆడికెవుడు సెప్తాడు?”

నన్ను ఫలానా పని చెయ్యమని మాత్రం అనలేదు. మర్నాడు, వ్యాసం అచ్చేసిన పత్రిక సంపాదకుడికి దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం టైపు చేశాను. గైడు నాతో మాట్లాడడం మానేశారు. ఉద్యోగం వేరొకరికి వెళ్లింది. ఆ తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, తీరినప్పుడు చిన్న చిన్న పరిశోధనలు చేసుకుంటూ గడిపాను. తొందరపడ్డానా అని ఇంట్లో అనని రోజు చాలాకాలం వరకు లేదు. అది దాచడం ఎందుకు?

ఉపసంహరణ అచ్చయి ఏడాది దాటాక, ఎక్కడో చలిదేశం నుంచి చేతిరాతతో ఒక ఉత్తరం వచ్చింది. రాసినతను నేనెరగని విద్యార్థి. నా ప్రయోగాన్ని నమ్మి చేస్తూ ప్రతిసారీ విఫలమై, లోపం తనదేననుకుని చదువే వదిలేద్దామనుకున్నాడట. లైబ్రరీలో నా ఉపసంహరణ చదివి ఆ ఆలోచన మానుకున్నాడట. నాన్న ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్పించుకుని, మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు.

“అయితే ఆడి సేతుల్లో తప్పు నేదన్నమాట,” అన్నారు, తన చేతుల వంకే చూసుకుంటూ.

ఆ పూట నుంచి నేను తొందరపడ్డానన్న మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇప్పుడు పొరపాటు జరిగిందని ఒక్క మాట రాస్తే క్షణంలో లోకమంతా తెలిసిపోతుంది, అది మంచిదే, ఏడాది పొడవునా ఎవరూ ఒంటరిగా తమని తాము నిందించుకోనక్కర్లేదు. కానీ ఆ మాట చదివి ఎక్కడ ఎవరి గుండె కుదుటపడిందో చెప్పడానికి ఈ రోజుల్లో ఎవరూ ఉత్తరం రాయరు, దాన్ని రెండుసార్లు చెప్పించుకుని వినే మనిషీ ఇంట్లో లేరు.