బుల్లమ్మ పది మాటలు

చేతి పట్టు కొలిచే పరికరాన్ని బుల్లమ్మ పిండితే ముల్లు ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఆ వీధిలో మగవాళ్లకే అంత రాలేదు. నమ్మలేక ఇంకోసారి పిండమన్నాను. మళ్లీ అంతే.

"ఇరవయ్యేల్ల నుంచి ఎండుసేపల తట్ట మోత్తన్నాను పాపా, నీ మిసనొక లెక్కేటి నాకు!" అని నవ్వింది.

అది 2012. వయసు మళ్లినవాళ్ల ఆరోగ్యం మీద పెద్ద సర్వే. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నేను, శైలజని, సంచీ భుజాన వేసుకుని నరసన్నపేటలో ఆటో ఎక్కి సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెకి వెళ్లేదాన్ని. బుల్లమ్మకి అప్పటికి అరవై రెండేళ్లు. మొగుడు పోతురాజు సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పిల్లాణ్ణి ఆ తట్ట మోసే పెంచింది, పెళ్లి చేసింది. ఆవిడ కేక వినపడితే జనం కంటే ముందు పిల్లులే వీధిలోకొస్తాయని కోడలు గౌరి వేళాకోళం.

తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష. పది మాటలు చదివి వినిపించాలి, కాసేపాగి గుర్తున్నవి చెప్పమనాలి. ఏనుగు, గొడుగు, రాజు, కిటికీ, గంట, వంతెన... అలా పది.

"వంతెనంటే ఏటి?" అంది.

బ్రిడ్జీ అని చెప్పకూడదట. నియమం! నేను నోరు మూసుకుని కూర్చున్నాను. పాపం, నాలుగు మాటలు చెప్పి ఆగిపోయింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది.

ఆఖరున వేలు గుచ్చి అట్టముక్క మీద నెత్తుటి బొట్లు తీసుకున్నాను. అప్పుడడిగింది.

"అరికాల్లు మొద్దుబారిపోతన్నాయి పాపా. ఎన్ని నీల్లు తాగినా దాహం తీరదు. ఈ రకతం ఏటి సెప్తాదో నాకు సెప్తారా?"

"నెల రోజుల్లో కాగితం వస్తుంది మామ్మా" అన్నాను.

అలా చెప్పమని నాకెవరూ చెప్పలేదు. ఫలితాలు ఎవరికీ విడిగా ఇవ్వరని ఒప్పుదల పత్రంలో ఉంది. దాన్ని నేనే గడగడా చదివేసి వేలిముద్ర వేయించుకున్నాను. తీరా ఆవిడ అడిగేసరికి నోటికొచ్చింది అనేశాను. నా నోరు పడిపోను!

నెల దాటాక శ్రీకాకుళంలో మా సూపర్‌వైజరు నరసింగరావుగారిని అడిగాను. "పేరు తీసేశాక అది బుల్లమ్మ రక్తం కాదమ్మా, డేటా. ప్రపంచంలో ఏ పరిశోధకుడు అడిగినా ఇస్తాం. దాచుకోం. అదే మన గొప్పతనం" అన్నాడాయన.

"మరి బుల్లమ్మ అడిగితే?"

"రూల్సు మనం రాసినవి కావు కదా" అని ఫైలు తెరిచాడు.

నేనైనా ఆటో ఎక్కి వెళ్లి, "కాగితం రాదు మామ్మా, ఆసుపత్రికెళ్లి షుగరు చూపించుకో" అని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. ముఖం చెల్లక వెళ్లలేదు. ఇంతలో వేరే జిల్లాలో పని దొరికింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి చిన్నదేం కాదు.

2016లో రెండో విడత మొదలైంది, నన్నూ మళ్లీ పిలిచారు. పాతవాళ్లనే మళ్లీ కొలవాలి. బుల్లమ్మ ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద గోడకు జారబడి కూర్చుని ఉంది. కుడికాలు మోకాలి కింద లేదు.

నన్ను గుర్తుపట్టింది. నేను నోరు తెరవకముందే మొదలెట్టింది.

"ఏనుగు, గొడుగు, రాజు, కిటికీ..." ఒక్కటి తప్పకుండా పదీ చెప్పేసింది. చెప్పి ఆశగా నా ముఖంలోకి చూసింది. "ఈపాలి అన్నీ సెప్పీసినాను. కాగితం ఇప్పిత్తావా పాపా?"

గౌరి చెప్పింది. "నాలుగే సెప్పినాను, పెయిలైపోనాను, అందుకే కాయితం అంపనేదని అత్త ఒకటే గోలండి. మీరు ఈదిలో అందర్నీ ఆ మాటలే అడిగినారు గదా? ఒకలికి రాజు గుర్తుంది, ఒకలికి గంట గుర్తుంది. అందరూ తలోటీ సెప్తే పదీ పోగు సేసుకుంది. తట్ట మోసినంతకాలం దారంతా అదే సదువు. సేపముల్లు కాల్లో దిగినా తెల్నేదండి. పుండు పడి, కుల్లిపోయి, కాలు తీసీసినారు."

నేను వేలు అడగకుండానే బుల్లమ్మ చెయ్యి చాచింది. గుచ్చాను. ఈసారి నెల రోజులని చెప్పలేదు. ట్యాబులో జ్ఞాపకశక్తి గడి దగ్గర పదికి పది నొక్కాను. అరవై ఆరేళ్లకి జ్ఞాపకం పెరిగిన మనిషి! ఏ దేశంలో ఏ మేధావి దీన్ని చూసి వ్యాసం రాసుకుంటాడో.

ఒళ్లు మండిపోయి నరసన్నపేటలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. మొదటి విడత డేటా రెండేళ్ల కిందటే బయట పెట్టారు. నా పేరు రాసి, పరిశోధన కోసమని ఒక అబద్ధం రాస్తే దిగింది. వేల వరసలు. ఆడమనిషి, విధవ, అరవై రెండు, చేపల అమ్మకం, పట్టు ముప్పై ఒకటి, మాటలు నాలుగు. పేరు తీసేస్తే మాత్రం నేను పోల్చుకోలేనా? ఆ వరస చివర నెత్తుటి లెక్క ఉంది. షుగరు, ఉండాల్సినదానికి రెట్టింపు.

ఆ ఒక్క వరసా అచ్చు వేయించుకుని మర్నాడు వెళ్లాను. నాలుగేళ్ల కిందట నోరు జారి ఒప్పుకున్న కాగితం. చదివి చెప్పాను. క్షమించమనీ అడిగాను.

బుల్లమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇది అప్పుడే తెలుసునా?"

"తెలుసు మామ్మా."

"ఎవురికి?"

"అడిగినవాళ్లందరికీ ఇచ్చారు. దేశదేశాలవాళ్లకి."

"నానూ అడిగినాను గదే" అంది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కాగితం మడిచి బొడ్డులో దోపుకుంది. మెల్లిగా అడిగింది.

"అయితే ఆ మాటలు సెప్పనేదని గాదన్నమాట. మరింక ఆటిని మరిసిపోవచ్చా, గుంటా?"